జాన్ డికిన్సన్: స్వాతంత్ర్యపత్రముపై సంతకము చేయని దేశభక్తుడు

అమెరికా సంయుక్త రాష్ట్రముల స్వాతంత్ర్య ప్రకటన పత్రమున 56 మంది ప్రతినిధుల సంతకములు కలవు. వారిలో పెక్కుర పేర్లు నేటి చదువరులకు తెలియవు. 1765 మొదలు 1775 వరకు వలసరాష్ట్రముల పక్షమున ముఖ్యమైన విజ్ఞాపనము వ్రాయవలసి వచ్చినప్పుడెల్ల ఎవని కలము నాశ్రయించిరో, ఆ పెద్దమనుష్యుని పేరు మాత్రము ఆ పత్రమున కానరాదు. ఆయనయే జాన్ డికిన్సన్. ఆయన న్యాయవాది, భూస్వామి, శాసనసభ్యుడు. సంతకము చేయకుండుటకు కారణము పిరికితనము కాదు, రాజభక్తియు కాదు. ప్రకటనము వెలువడిన కొలది దినములకే ఆయన తన పటాలముతో ఆంగ్లసైన్యము నెదుర్కొనుటకు బయలుదేరెను. సభలో కూడదని వాదించిన కార్యమునకు రణరంగమున ప్రాణము నొడ్డుటకు సిద్ధపడిన ఈ విచిత్ర పురుషుని జీవితము ప్రజాకార్యములందు పాల్గొను ప్రతివారును తెలిసికొనదగినది.

బాల్యము - విద్య

డికిన్సన్ 1732 నవంబరు నెలలో మేరీలాండునందలి టాల్బటు మండలమున జన్మించెను. తండ్రి సామ్యూల్ డికిన్సన్ పొగాకు పండించు సంపన్న భూస్వామి. తల్లి మేరీ కాడ్వలాడరు ఫిలడెల్ఫియా నగరమున పలుకుబడిగల కుటుంబమునకు చెందినది. ఉభయవంశములవారును క్వేకరులు. యుద్ధము పాపమనియు, ప్రమాణములు చేయరాదనియు, అంతరాత్మ ప్రబోధమే మనుష్యునకు దారి చూపుననియు నమ్ము క్రైస్తవశాఖ యది. డికిన్సన్ ఆ సంఘమున సంపూర్ణముగా చేరినవాడు కాడు. ఆత్మరక్షణార్థము ఆయుధము పట్టుట ధర్మమే యని ఆయన నమ్మకము. ఐనను రక్తపాతమునకు వెనుదీయుట, తొందరపాటును శంకించుట ఆయనకు పుట్టువుతో నబ్బిన గుణములు.

ఆయన చిన్నతనముననే కుటుంబము డెలవేరులో డోవరు పట్టణమునకు సమీపమున నున్న పొలములకు తరలిపోయెను. అచ్చట తండ్రి న్యాయాధిపతిగా నుండెను. 1750లో డికిన్సన్ ఫిలడెల్ఫియాలో జాన్ మోలండు అను ప్రసిద్ధ న్యాయవాదియొద్ద శిష్యుడుగా చేరి, 1753లో సముద్రము దాటి లండను నగరమందలి మిడిల్ టెంపిలున ప్రవేశించెను. అమెరికాలోని న్యాయవాదులలో అంతటి విద్య నేర్చుటకు శక్తిగలవారు మిక్కిలి కొలదిమంది. ఆంగ్లదేశపు చట్టములందును చరిత్రమునందును ఆయనకు గాఢమైన గౌరవము కలిగినది. రాజు సైతము చట్టమునకు లోబడినవాడే యను భావము అచ్చటనే ఆయన మనసున నాటుకొన్నది. దానితోపాటు వేఱొక పాఠమును నేర్చెను. 1754లో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో లంచములు బాహాటముగా చేతులు మారుట చూచి రోసి ఆ సంగతి తలిదండ్రులకు జాబులు వ్రాసెను. ఆంగ్లరాజ్యాంగము గొప్పది, దానిని నడుపు మనుష్యులు అంత గొప్పవారు కారు. ఈ రెండు అభిప్రాయములును ఆయనను కడవరకు విడువలేదు.

1757లో స్వదేశమునకు మరలి ఫిలడెల్ఫియాలో న్యాయవాదవృత్తి ప్రారంభించి కొలదికాలములోనే పేరు గడించెను. 1759లో డెలవేరు శాసనసభకు ఎన్నికై 1760లో దానికి అధ్యక్షుడయ్యెను. 1762లో పెన్సిల్వేనియా శాసనసభ ప్రవేశించెను.

ఎదురీత

1764లో ఆయన స్వభావము తొలిసారిగా లోకమునకు వెల్లడియైనది. పెన్సిల్వేనియా అప్పుడు పెన్ కుటుంబమువారి యధీనమున నుండెను. వారు తమ విశాలమైన భూములపై పన్ను చెల్లించుటకు ఒప్పుకొనకుండిరి. విసిగిపోయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, జోసఫ్ గాలొవే అను నాయకులు ఆ కుటుంబపు పెత్తనమును తొలగించి రాష్ట్రమును నేరుగా రాజుపాలనము క్రిందకు తేవలయునని ప్రయత్నించిరి. శాసనసభలో వారికి బలము మెండు. డికిన్సన్‌కు పెన్ వంశీయులపై ప్రేమ లేదు. అయినను 1701 నాటి సన్నదు మూలమున ప్రజలకు మతస్వాతంత్ర్యమును శాసనసభాధికారములును లభించియున్నవనియు, పాలకుని మార్చబోయి ఆ హక్కులను పోగొట్టుకొనుట వివేకము కాదనియు ఆయన వాదించెను. సభలో ఆయన పక్షమున నిలిచినవారు వేళ్లపై లెక్కింపదగినవారు. ఆనాడు రాజుపాలనమును కోరిన ఫ్రాంక్లిన్ తరువాత స్వాతంత్ర్య ప్రకటనముపై సంతకము చేసెను. దానిని ప్రతిఘటించిన డికిన్సన్ చేయలేదు. చరిత్రగతి యిట్టిది.

1765లో స్టాంపు చట్టము వచ్చినది. న్యాయస్థానపు పత్రములు, వార్తాపత్రికలు, పంచాంగములు, పేకముక్కలు మున్నగువాని కన్నిటికి ముద్రసుంకము చెల్లింపవలయునని ఆంగ్ల పార్లమెంటు శాసించెను. ఆ పార్లమెంటున అమెరికా వలసరాష్ట్రములకు ఒక్క ప్రతినిధియు లేడు. అక్టోబరు నెలలో 9 రాష్ట్రముల ప్రతినిధులు న్యూయార్కున సమావేశమైరి. ఆ సభ ప్రకటించిన హక్కుల పత్రమునకు చిత్తు వ్రాసినవాడు డికిన్సన్. వర్తకుల ఒత్తిడికి లోనై పార్లమెంటు 1766లో చట్టమును రద్దు చేసినది గాని, వలసరాష్ట్రముల విషయమున ఎట్టి శాసనములనైనను చేయుటకు తనకు అధికారము కలదని ఆనాడే వేఱొక చట్టము చేసికొన్నది. ప్రజలు దీపములు వెలిగించి పండుగ చేసికొనిరి. ఆ రెండవ చట్టమును పట్టించుకొన్నవారు అరుదు.

రైతు లేఖలు

1767లో టౌన్‌షెండు మంత్రి ప్రోద్బలమున గాజు, సీసము, రంగులు, కాగితము, తేయాకు అను సరుకులపై క్రొత్త సుంకములు విధింపబడెను. సుంకములు స్వల్పములు. దేశము మొదట అంతగా చలింపలేదు. ఆ యేడు డిసెంబరు 2వ తేదీన ఫిలడెల్ఫియాలోని ఒక వార్తాపత్రికలో పెన్సిల్వేనియా రైతు అను పేరుతో ఒక లేఖ వెలువడెను. కొలదిపాటి పొలము, కొందఱు సేవకులు, చిన్న గ్రంథాలయము, తృప్తి గల మనసు - ఇవి తన సంపదగా ఆ రైతు చెప్పుకొనెను. వారమున కొకటిగా 12 లేఖలు వెలువడినవి. వలసరాష్ట్రములందలి ఆంగ్లపత్రికలలో నాలుగు తప్ప తక్కినవన్నియు వానిని పునర్ముద్రించినవి. పిదప అవి గ్రంథరూపమున వచ్చెను. లండనులో ప్రచురితమైన కూర్పునకు ఫ్రాంక్లినే పీఠిక వ్రాసెను. 1769లో ఫ్రెంచి అనువాదమును వెలువడెను. బోస్టను పౌరులు సభచేసి ఆ రైతునకు కృతజ్ఞత తెలుపుచు తీర్మానించిరి. ఆ రైతు డికిన్సనే యని లోకమునకు తెలియుటకు ఎంతోకాలము పట్టలేదు.

ఆ లేఖల బలము వాదమునందున్నది. సామ్రాజ్యమున వర్తకమును క్రమబద్ధము చేయుటకు పార్లమెంటునకు అధికారము కలదని ఆయన ఒప్పుకొనెను. ఆదాయముకొఱకు సుంకము విధించుట మాత్రము పన్ను వేయుటయే యనియు, ప్రజల సమ్మతిలేని పన్ను వారి యాస్తిని అపహరించుటయే యనియు చెప్పెను. సరుకు కొనుట మానినచో సుంకము తప్పునుగదా యని కొందఱనిరి. దానికి ఆయన సమాధానము ఇది: కొన్ని వస్తువులను వలసరాష్ట్రములవారు స్వయముగా తయారు చేసికొనరాదు, అన్యదేశములనుండి తెప్పించుకొనరాదు, ఆంగ్లదేశమునుండియే కొనవలయునని చట్టము కట్టడి చేయుచున్నది. తప్పించుకొను దారులన్నియు మూసి, మిగిలిన ఒక్క వాకిట సుంకపు కావలి నిలిపిన, దానిని స్వేచ్ఛావర్తకమందురా?

సుంకము స్వల్పమేగదా యను మాటను ఆయన మఱింత తీవ్రముగా ఖండించెను. పెద్ద పన్ను ప్రజలను మేలుకొల్పును, చిన్నపన్ను నిద్రపుచ్చును. నేడు కాసును మాఱుమాటాడక చెల్లించినవాడు రేపు వరహాను కాదనుటకు హక్కు కోల్పోవును. ఈ సుంకముల రాబడితో గవర్నరులకును న్యాయాధిపతులకును జీతము లిచ్చెదరనుటలోని ప్రమాదమును గూడ ఆయన విప్పిచెప్పెను. జీతము ప్రజల శాసనసభ చేతిలోనుండి జారిపోయిన పిదప ఆ యధికారులు ప్రజలకు జంకవలసిన పనిలేదు. శాసనసభ వట్టి యలంకారమై మిగులును. ఆంగ్లసైనికులకు వలసిన సంభారములను పూర్తిగా సమకూర్పలేదని న్యూయార్కు శాసనసభ అధికారములను పార్లమెంటు నిలిపివేయగా, అది ఒక్క రాష్ట్రపు గోడు కాదనియు అన్ని రాష్ట్రములకును పొంచియున్న కీడనియు మొదటి లేఖలోనే హెచ్చరించెను.

మార్గమును గూడ ఆయన క్రమముగా చూపెను. ముందు విన్నపము, అది వ్యర్థమైనచో ఆంగ్లవస్తు బహిష్కారము, అన్ని దారులును మూసికొనిపోయి, ప్రభుత్వము ప్రజల నాశమునే కోరుచున్నదని తేటపడిన పిమ్మట మాత్రమే ఆయుధము. ఈ క్రమమును దాటి పోరాదని ఆయన పట్టుదల. బోస్టను, న్యూయార్కు, ఫిలడెల్ఫియా వర్తకులు దిగుమతులు మానివేయుటకు ఒడంబడికలు చేసికొనిరి. 1770లో పార్లమెంటు దిగివచ్చి తేయాకు తప్ప తక్కిన వస్తువులపై సుంకము తొలగించెను. ఆ యేడే డికిన్సన్, పెన్సిల్వేనియా శాసనసభకు పూర్వాధ్యక్షుడైన ఐజక్ నారిస్ కుమార్తె మేరీని వివాహమాడెను.

తేయాకు - కంపెనీ

మిగిలిన ఆ ఒక్క సుంకమే సామ్రాజ్యమును చీల్చినది. 1773లో అప్పులపాలైన ఈస్టిండియా కంపెనీని ఉద్ధరించుటకై పార్లమెంటు దాని తేయాకును అమెరికాలో చౌకగా అమ్ముకొనుటకు వీలు కల్పించెను. ఆ నవంబరులో రస్టికస్ అను మాఱుపేరుతో వెలువడి, డికిన్సన్ రచనగా గణింపబడుచున్న ఒక లేఖ మనకు విశేషముగా ఆసక్తి కలిగించును. కంపెనీవారు ఆసియాలో లాభముకొఱకు యుద్ధములు పన్నిరనియు, రాజులను పదభ్రష్టులను చేసిరనియు, భూమి పండకపోవుటచేత గాక నిత్యావసర వస్తువులను తామే గుత్తకు పట్టి ధరలు పెంచుటచేత లక్షలాది ప్రజలు క్షామమున మడిసిరనియు ఆ లేఖ వర్ణించినది. అది 1770 నాటి వంగదేశపు క్షామమునకు సంబంధించిన మాట. 1766లో నైజాముతో ఒడంబడిక చేసికొని ఉత్తర సర్కారులను చేజిక్కించుకొన్నదియు ఈ కంపెనీయే. మన తీరమున జెండా పాతిన సంస్థను ఏడు సముద్రముల కవతల ఒక న్యాయవాది తన దేశస్థులకు హెచ్చరికగా చూపుచుండెను.

డిసెంబరున బోస్టను రేవులో తేయాకు పెట్టెలు సముద్రము పాలయ్యెను. ఇట్టి విధ్వంసములు డికిన్సన్‌కు గిట్టవు. ఐనను, అందుకు ప్రతీకారముగా ఆంగ్లప్రభుత్వము బోస్టను రేవును మూసివేసి మసాచుసెట్సు రాజ్యాంగమును మార్చివేయగా, ఆయన దేశమంతటితోపాటు ఆ రాష్ట్రము పక్షమున నిలిచెను. 1774లో సమావేశమైన ఖండ మహాసభకు అక్టోబరులో ప్రతినిధియై రాజునకు పంపిన విన్నపము తయారు చేసెను.

విన్నపమా, యుద్ధమా

1775 ఏప్రిలులో లెక్సింగ్టనున తుపాకులు మ్రోగెను. రెండవ మహాసభలో ప్రతినిధులు రెండు తెగలైరి. జాన్ ఆడమ్సు ప్రభృతులకు విన్నపములపై నమ్మకము నశించెను. డికిన్సన్ మాత్రము ఒక చేత ఖడ్గము, ఒక చేత సంధిపత్రము పట్టవలయుననెను. జూలై నెలలో సభ ఆ విధముగనే చేసినది. రాజునకు పంపిన చివరి శాంతి విన్నపము ఆయన రచన. అదే వారమున, ఆయుధము పట్టుటకు గల కారణములను లోకమునకు తెలిపిన ప్రకటనమును జెఫర్సను చిత్తును మార్చి ముగించినవాడును ఆయనయే. ఫిలడెల్ఫియా స్వచ్ఛందసేనలో మొదటి పటాలమునకు కర్నలుగా సైనికులకు శిక్షణయు ఇప్పించుచుండెను.

ఆడమ్సు ఆ రోజులలో ఒక మిత్రునకు వ్రాసిన జాబులో డికిన్సన్‌ను అల్పబుద్ధిగా చిత్రించి ఎగతాళి చేసెను. ఆ జాబు ఆంగ్లేయుల చేతబడి పత్రికల కెక్కినది. సెప్టెంబరులో ఫిలడెల్ఫియా వీధిలో ఇరువురు ఎదురుపడగా, ఆడమ్సు టోపీ తీసి వంగి నమస్కరించినను డికిన్సన్ చూడనట్లు సాగిపోయెను. ఒకే లక్ష్యమునకై పాటుపడుచున్న పెద్దలనడుమ సైతము ఇట్టి వైమనస్యములు తప్పవు. ఇంతలో రాజు విన్నపమును స్వీకరింపక, ఆగస్టు 23వ తేదీన వలసరాష్ట్రములు తిరుగుబాటు చేయుచున్నవని ప్రకటించెను. డికిన్సన్ చూపిన మార్గమున రెండవ మజిలీ సైతము ముగిసినది.

1776 జూలై

1776 జూన్ నెలలో స్వాతంత్ర్య తీర్మానము సభముందునకు వచ్చెను. రాష్ట్రముల సమాఖ్య ఒడంబడికను రచించు భారమును సభ డికిన్సన్ ఉన్న సంఘమున కొప్పగింపగా, చిత్తు ఆయనయే వ్రాసెను. స్వాతంత్ర్యము రాకతప్పదని ఆయన యెఱుగనివాడు కాడు. ఆయన వాదమంతయు కాలమును గూర్చినది. జూలై 1వ తేదీన సభలో లేచి దీర్ఘముగా ఉపన్యసించెను. ఫ్రాన్సుతో మైత్రి కుదురలేదు. రాష్ట్రములు తమలో తామొక సమాఖ్యగా ఏర్పడలేదు. సరిహద్దుల తగవులు తీరలేదు. ఇల్లు కట్టకముందే ఉన్న గుడిసెను కూల్చుకొని చలిలో నిలువనేల యని ఆయన ఆశయము. ఈ మాటలతో తన కీర్తి మంటగలియునని ఆయనకు తెలియును. ఆ సంగతి సభలో దాచుకొనలేదు. ఆయన వాదమునకు ఆడమ్సు ప్రత్యుత్తరమిచ్చెను.

ఆనాటి ఓటింగులో పెన్సిల్వేనియా ప్రతినిధులు నలుగురు వ్యతిరేకముగను ముగ్గురు అనుకూలముగను ఓటు చేసిరి. దేశమంతయు ఒక్కటై యున్నగాని ఈ యుద్ధము గెలువదు. తాను ఓటు చేసినచో తన రాష్ట్రము చీలి నిలుచును. అనుకూలముగా చేసినచో తన అంతరాత్మకు ద్రోహము జరుగును. మఱునాడు డికిన్సన్, రాబర్టు మారిస్ ఇరువురును సభాస్థానమునకు రాకుండిరి. ముగ్గురికి ఇద్దఱు మిగులగా పెన్సిల్వేనియా స్వాతంత్ర్యము పక్షమున చేరెను. తన మాట నెగ్గకుండుటకు తానే దారి తొలగుట సామాన్యమైన త్యాగము కాదు.

ప్రకటనము వెలువడినది. డికిన్సన్ తన పటాలముతో న్యూజెర్సీలోని ఎలిజబెత్‌టౌనుకు తరలి, ఎదుటి ద్వీపమున దిగియున్న ఆంగ్లసైన్యమునకు అడ్డముగా నిలిచెను. ఆయన శిబిరమున నుండగనే, జూలై 20వ తేదీన రాష్ట్రమువారు ఆయనను మహాసభ ప్రాతినిధ్యమునుండి తొలగించిరి. తరువాత సైన్యమున గూడ ఆయనకంటె చిన్నవారిని పైయధికారులను చేయగా కర్నలు పదవికి రాజీనామా నిచ్చి డెలవేరుకు పోయెను. 1777లో ఆంగ్లసేన ఆ ప్రాంతమున దిగినప్పుడు సామాన్య సైనికుడుగా తుపాకి భుజముపై వేసికొని స్థానికదళమున చేరెను. ఆ యేడు నవంబరులో ఫిలడెల్ఫియాకు సమీపమున మామగారినుండి సంక్రమించిన ఫేర్‌హిల్ భవనమును ఆంగ్లసైనికులు తగులబెట్టిరి. రాజభక్తుడని స్వదేశస్థులు శంకించిన మనుష్యుని రాజసైన్యము శత్రువుగనే గుర్తించినది!

బానిసల విముక్తి

స్వాతంత్ర్యమును గూర్చి అంతగా వ్రాసిన డికిన్సన్ డెలవేరులోని పెద్ద బానిసయజమానులలో ఒకడు. ఆయన విద్యకును తీరికకును ఆధారమైన సంపద ఆఫ్రికాజాతి బానిసల కష్టార్జితము. ఈ కళంకమును కప్పిపుచ్చుట అసత్యమగును. సమ్మతిలేనిదే కాసు తీసికొనుట దాస్యమని వాదించినవాని పొలములలో సమ్మతియను మాటకే తావులేని మనుష్యులు దున్నుచుండిరి. 1777లో ఆయన వారికి విముక్తిపత్రములు వ్రాసెను గాని, మఱి కొన్నియేండ్లు సేవచేయవలయునను నిబంధన పెట్టెను. 1786లో ఆ నిబంధనను గూడ తొలగించి అందఱను పూర్తిగా విడుదల చేసెను. ఆలస్యమైనను చేసెను. స్వాతంత్ర్య ప్రకటనమున మానవసమత్వమును చాటిన జెఫర్సను తన జీవితకాలమున ఆ పని చేయలేకపోయెను. డోవరువద్ద డికిన్సన్ పొలము నేడు డెలవేరు ప్రభుత్వము రక్షించుచున్న చరిత్రస్థలము. ఆ నేలపై శ్రమించి మరణించిన బానిసలును స్వతంత్రులునైన ఆఫ్రికాజాతీయుల సమాధిస్థలము 2021లో అచ్చట బయల్పడినది.

రాజ్యాంగ నిర్మాణము

ప్రజలు ఆయనను మఱచిపోలేదు. 1779లో డెలవేరు ప్రతినిధిగా మహాసభకు తిరిగివచ్చి, తాను చిత్తు వ్రాయగా సభ మార్చి ఆమోదించిన సమాఖ్యపత్రముపై సంతకము చేసెను. 1781లో డెలవేరునకు, 1782లో పెన్సిల్వేనియాకు అధ్యక్షుడయ్యెను. 1783 జూన్ నెలలో జీతములు రాని సైనికులు కొన్ని వందలమంది ఫిలడెల్ఫియాలో సభాభవనమును ముట్టడించిరి. స్థానికసేనను రప్పింపుమని మహాసభ కోరగా, రక్తపాతమునకు వెఱచి ఆయన సందేహించెను. మహాసభ అలిగి ప్రిన్సుటనుకు తరలిపోయెను. అన్యచోట్ల గుణమైన ఆ జంకు ఇచ్చట పాలకునకు లోపమైనదని చెప్పకతప్పదు. ఆ యేడే కార్లైలు పట్టణమున స్థాపితమై ఆయన పేరు పెట్టుకొన్న కళాశాలకు ఆయన భూమిని, గ్రంథములను దానము చేసెను. ఆ కళాశాల నేటికిని నడచుచున్నది.

1786లో అన్నాపొలిస్ సభకు అధ్యక్షత వహించి, 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ నిర్మాణసభకు డెలవేరు ప్రతినిధిగా వచ్చెను. ఊహలకంటె అనుభవము మంచి గురువని ఆయన అచ్చట బోధించెను. పెద్దరాష్ట్రములు చిన్నవానిని మ్రింగివేయకుండునట్లు ఎగువసభలో రాష్ట్రములకు సమానస్థానముండవలయునని పట్టుపట్టెను. సెనేటరులను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకొనవలయునను ఆయన ప్రతిపాదనమును సభ అంగీకరించెను. 1913లో సవరణము వచ్చువరకును ఆ పద్ధతియే సాగినది. బానిసల దిగుమతిని రాజ్యాంగము సంరక్షించుట దేశగౌరవమునకు తగదని గట్టిగా చెప్పెను. ఆ మాట పూర్తిగా నెగ్గలేదు. 1808 వరకు దానిని నిషేధింపరాదని రాజీ కుదిరెను. సెప్టెంబరు 17వ తేదీన సంతకములు జరుగునాటికి ఆయన అనారోగ్యముచే ఇంటికి పోయియుండెను. ముందుగా కోరినప్రకారము మిత్రుడు జార్జి రీడ్ ఆయన పేరు వ్రాసెను. 1776లో తానై దూరముంచిన పేరును 1787లో మిత్రుని చేతనైనను పత్రమున కెక్కించెను. 1788లో ఫేబియస్ అను పేరుతో 9 లేఖలు వ్రాసి ఆ రాజ్యాంగమును సమర్థించెను.

వార్ధక్యమును ఆయన విల్మింగ్టనున గడపి 1808 ఫిబ్రవరి 14వ తేదీన 75 ఏండ్ల ప్రాయమున దివంగతుడయ్యెను. అమెరికాలోనికి బానిసల దిగుమతి ఆ జనవరి 1వ తేదీననే చట్టముచే నిషిద్ధమై యుండెను. జాతీయ శాసనసభ ఉభయశాఖలవారును ఆయన స్మృత్యర్థము నల్లపట్టీలు ధరించిరి. అప్పటి దేశాధ్యక్షుడు, స్వాతంత్ర్య ప్రకటన రచయిత, జెఫర్సను ఆయనను ఆ మహాకార్యమునకు ప్రథమ పురస్కర్తలలో ఒకనిగా కొనియాడెను.

డికిన్సన్ 1776లో పొరబడెనా? ఆయన భయములు నిరాధారములు కావు. ఫ్రాన్సుతో సంధి 1778 వరకు కుదురలేదు. సమాఖ్యపత్రము 1781 వరకు అమలునకు రాలేదు. ఆ నడిమికాలమున వాషింగ్టను సైన్యము ఆకలితోను చలితోను అలమటించెను. కాని స్వతంత్రులమని తాము ముందు చెప్పుకొననిదే ఏ రాజును వారితో మైత్రికి చేయి చాపియుండడు. కాలనిర్ణయమున ఆడమ్సు పక్షమే గెలిచినదని ఒప్పుకొనవలయును.

ఐనను సభలో ఓడినవాడెల్ల దేశమునకు ద్రోహి కాడు. తన వివేకమునకు తోచినది ప్రజల కోపమునకు వెఱవక చెప్పుట ప్రతినిధి ధర్మము. సంఘము నిర్ణయించిన పిదప ఆ నిర్ణయపు కష్టములలో తన పాలు పంచుకొనుట పౌరధర్మము. మొదటిదానిని మాత్రమే చేయువారు కలరు. రెండవదానిని మాత్రమే చేయువారు పెక్కురు. రెంటిని ఒక్క మాసములో, ఒక్క మనుష్యుడు, కీర్తిని పణముగా నొడ్డి నెఱవేర్చుట అరుదు. డికిన్సన్ జీవితమునుండి గ్రహింపవలసిన మేలిమి ఇదియే.